కొబ్బరాకు పాకలో బాలయేసు

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. కోనసీమ ఊళ్ళలో తెల్లవారుజామున హరిదాసు అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని, చిడతలు వాయించుకుంటూ వీధి వీధీ తిరుగుతాడు. అదే వీధుల్లో రాత్రి తొమ్మిది దాటాక హార్మోనియం, కంజీర పట్టుకుని ఇంకో గుంపు బయల్దేరుతుంది, నక్షత్రం కట్టిన గెడ ముందు నడుస్తుండగా. రోము పంచాంగంలో డిసెంబరు 17 నుంచి 24 వరకు క్రీస్తు జయంతికి దగ్గరి సిద్ధపాటు రోజులు. రెండు పంచాంగాలు ఒకదాన్నొకటి సంప్రదించుకోలేదు. అయినా డిసెంబరు మూడో వారంలో రెండూ ఒకే వీధిలోకి వస్తాయి.

కోనసీమలో క్రైస్తవులంటే ఎక్కువగా ప్రొటెస్టెంటు సంఘాలవారే. బాప్టిస్టులు, బ్రదరన్‌లు, లూథరన్లు, ఈమధ్య పెంతెకొస్తు సంఘాలు. వాళ్ళ మధ్య ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) అనే మూడు అక్షరాలు గోడమీద రాసుకున్న గుళ్ళు తక్కువ. ఆ గుడికి వెళ్ళే కుటుంబాలు తమను కతోలికులమని చెప్పుకుంటాయి. వీళ్ళు ప్రార్థనకు వెళ్తున్నామనరు, పూజకు వెళ్తున్నామంటారు. సంఘం అనరు, విచారణ అంటారు. పాస్టరుగారు కాదు, విచారణ గురువు. ఇంట్లో మరియమాత స్వరూపం, దాని ముందు దీపం, గోడకు వేలాడే జపమాల. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇలాంటి ఇంట్లో క్రిస్మస్ ఒక రోజు పండుగ కాదు. నవంబరు చివరి వారంలో మొదలై సంక్రాంతి ముంగిట ముగిసే ఒక ఋతువు. ఆ ఋతువు ఇక్కడికి ఎలా వచ్చిందో, దాని రూపాన్ని ఎవరు దిద్దారో చూస్తే రోము కంటే గోదావరి పాత్రే ఎక్కువ కనిపిస్తుంది.

మొదటి అడుగు కోనసీమలో పడలేదు. గౌతమి అవతలి ఒడ్డున యానాంలో పడింది. 1723లో ఫ్రెంచివారు స్థావరం పెట్టుకున్న ఊరది. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న కాలాలు తప్పిస్తే 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. చుట్టూ ఇంగ్లీషు కంపెనీ జిల్లాలు, నడుమ చారెడు ఫ్రెంచి నేల. అక్కడి కతోలిక గుడి 1846లో పూర్తయింది. కోనసీమ ఒడ్డునున్న ఎదుర్లంక వైపు నుంచి చూస్తే నదికి అడ్డంగా పంటు ఎక్కితే చాలు, రాజ్యం మారిపోయేది.

ఆ సంవత్సరానికే ఇంకో ప్రత్యేకత ఉంది. ఆల్ప్స్ కొండల్లో సావోయ్ అనే సీమ, అందులో ఆనెసీ పట్టణం. అక్కడ పియెర్ మెర్మియే అనే గురువు 1838లో పునీత ఫ్రాన్సిస్ దె సాల్ పేరిట ఒక గురువుల సభను స్థాపించాడు. ఆ సభ నుంచి తొలి జట్టు 1845లో ఓడెక్కి పుదుచ్చేరి చేరి, మరుసటి ఏడాది మొదట్లో విశాఖపట్నంలో దిగింది. వాళ్ళకు అప్పగించిన క్షేత్రం ఎంతో తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తిరుగుతాయి. గోదావరి నుంచి పైకి ఒరిస్సా మీదుగా నాగపురం దాకా. గురువులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1850లో విశాఖపట్నం ప్రత్యేక మిషను ప్రాంతంగా ఏర్పడింది.

గురువుల వెనుకే కన్యాస్త్రీలు వచ్చారు. ఆనెసీ పట్టణానికే చెందిన పునీత జోజప్ప సభ సిస్టర్లు 1849లో ఈ దేశంలో మొదట కాలుపెట్టింది యానాంలోనే. మంచుకొండల మధ్య పుట్టి పెరిగిన ఆడపిల్లలు. ఇంకో సంగతి, వాళ్ళను అందరూ ఫ్రెంచి దొరసానులనే అనుకుని ఉంటారు గానీ అప్పటికి సావోయ్ ఫ్రాన్సుది కాదు, సార్డీనియా రాజుది. 1860లో గాని అది ఫ్రాన్సులో కలవలేదు. ఫ్రెంచి మాట్లాడుతూ, ఫ్రెంచి జెండా కింద ఉంటూ, ఫ్రెంచి పౌరులు కాని వాళ్ళు గోదావరి ముఖద్వారంలో కాపురం పెట్టారన్నమాట. అంతకు పదేళ్ళ ముందే, 1839 నవంబరులో, పక్కనున్న కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. ఆ దెబ్బ నుంచి తీరం ఇంకా తేరుకోకముందే వచ్చిన మనుషులు వీళ్ళు.

నదికి దక్షిణాన కథ వేరు. అటు హైదరాబాదు మిషను కింద మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ గురువులు పనిచేశారు. 1933లో బెజవాడ వేరు మిషను అయింది, 1937లో మేత్రాసనం (డయోసిస్) అయింది. దాని నుంచి 1976 డిసెంబరు 9న ఏలూరు మేత్రాసనం విడివడింది. తొలి పీఠాధిపతి ములగాడ జాన్. అంటే మిషను పటంలో గోదావరి ఒక సరిహద్దు గీత. గీతకు అటు సావోయ్ వాళ్ళు, ఇటు ఇటలీ వాళ్ళు. కోనసీమ ఏమో ఆ గీత రెండు పాయలుగా, మూడు పాయలుగా చీలిపోయే చోట ఉంది. వాసిష్ఠి, వైనతేయ, గౌతమి. ఏ విశ్వాసమైనా ఇక్కడికి నీళ్ళు దాటుకునే రావాలి.

ప్రొటెస్టెంటులు ముందుగా దాటారు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చారు. ఒకరు రాళ్ళు చెక్కే మేస్త్రి, ఇంకొకరు చెప్పులు కుట్టేవాడు. పాలకొల్లు, నరసాపురం వాళ్ళ కేంద్రాలయ్యాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని జరుగుతున్నప్పుడు, అంటే 1847 నుంచి 1852 వరకు, కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. ఆ పని నుంచే గోదావరి డెల్టా మిషను పెరిగింది. అది బ్రదరన్ సంప్రదాయం. వాక్యంలో ఆజ్ఞ లేదు కాబట్టి ఆ సంప్రదాయంలో క్రిస్మస్‌ను పండుగగా చేసేవాళ్ళు కారు. స్వరూపాలు లేవు, పశువుల పాక లేదు. ఈ నేపథ్యంలో బాలయేసు బొమ్మను గడ్డిలో పడుకోబెట్టి, చుట్టూ దీపాలు పెట్టుకునే కతోలిక ఇల్లు పక్క ఇంటి క్రైస్తవులకే వింతగా తోచి ఉంటుంది. ఇవాళ అదే ఊళ్ళో ప్రొటెస్టెంటు ఇళ్ళ ముందూ పాకలు వెలుస్తున్నాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ఆనకట్టతో పాటు కాలువలు వచ్చాయి. రాజోలు వైపు నగరం లంకకు నీరివ్వడానికి గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువనే నడిపించారు. నలభై తొమ్మిది ఖానాల ఆ అక్విడెక్టు 1850ల ఆరంభంలో కట్టింది. నూట యాభై ఏళ్ళ దాకా పనిచేసి కొత్త కట్టడానికి చోటిచ్చింది. కాలువ అంటే పొలానికి నీరు మాత్రమే కాదు, పడవదారి కూడా. వేసవిలో కాలువలు కట్టేసేవారు. డిసెంబరులో నిండుగా పారేవి. క్రిస్మస్ పడవ ప్రయాణానికి అనువైన కాలంలో వచ్చింది. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ ఈ ప్రాంతపు కతోలిక జీవనం మొత్తం దీని మీద ఆధారపడింది.

ఎందుకంటే గురువు ఊళ్ళో ఉండేవాడు కాదు. ఒక్కో విచారణ కింద పదుల ఊళ్ళు. ఊరికి దిక్కు ఉపదేశి. అతను కాస్త చదువుకున్న స్థానికుడు. జపాలు నేర్పేవాడు, ఆదివారం ప్రార్థన నడిపేవాడు, చావుకు సమాధి దగ్గర నిలబడేవాడు, ప్రాణాపాయంలో ఉన్న పసిగుడ్డుకు జ్ఞానస్నానం ఇచ్చేవాడు. గురువు రావడం నెలకొకసారో, కొన్నాళ్ళకొకసారో. ఆయన రాని రోజులన్నీ విశ్వాసాన్ని నిలబెట్టింది ఇల్లే. సాయంత్రం దీపం పెట్టాక కుటుంబమంతా చాపమీద కూర్చుని జపమాల చెప్పుకోవడం, పొలం నుంచి గంట వినిపిస్తే ఆగి త్రికాల జపం చెప్పడం, శుక్రవారం మాంసం మానడం. ఇవన్నీ గురువు అవసరం లేని ఆచారాలు. అమ్మ నోటి నుంచి పిల్లలకు అందేవి. అక్షరం రాని తల్లులు కూడా జపమాల యాభై మూడు పూసలూ తప్పు లేకుండా తిప్పగలిగారు. పుస్తకం అక్కరలేని మతవిద్య అది.

ఆగమన కాలం నవంబరు 30కి దగ్గరి ఆదివారం మొదలవుతుంది. నాలుగు ఆదివారాలు. గుళ్ళో గురువు వస్త్రం ఊదా రంగుకు మారుతుంది, మూడో ఆదివారం మాత్రం గులాబీ రంగు. ఊదా రంగు పశ్చాత్తాపానికి గుర్తు. డెల్టాలో ఆ నాలుగు వారాలు సార్వా కోతల కాలం. ఊరంతా పొలంలోనే ఉంటుంది. కోత, మోత, కుప్ప, నూర్పు. కూలి కుటుంబానికి ఏడాదిలో నాలుగు గింజలు కళ్ళపడేది అప్పుడే. అందుకే పశ్చాత్తాపం రంగు గుళ్ళో ఉన్నా, ఇంట్లో ఉన్నది ఆశ. ధాన్యం చేతికొస్తే పిల్లలకు కొత్త బట్టలు. చాలా ఇళ్ళలో ఏడాది మొత్తానికి కొత్త బట్టలు కుట్టించుకునేది క్రిస్మస్‌కే. డిసెంబరు రెండో వారానికే దర్జీ కొలతలు తీసుకోవడం మానేసి, ఇక పండుగయ్యాకే రమ్మనేవాడు.

ఇదే కాలం తుఫానులది కూడా. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమను ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, సముద్రం మీదికి పోయిన మత్స్యకారుల్లో తిరిగిరాని వాళ్ళెందరో. కొబ్బరి తోటలు నేలకూలాయి. ఆ ఏడు ఆగమన కాలం డిసెంబరు ఒకటిన మొదలైంది. తుఫానుకు ఇరవై ఐదు రోజుల తర్వాత. రాకడ కోసం ఎదురుచూడమనే వాచకాలు ఆ డిసెంబరులో కోనసీమ గుళ్ళలో ఎలా వినిపించి ఉంటాయో ఊహించుకోవాల్సిందే.

పండుగ పూజ గురించి పాతవాళ్ళు చెప్పేది ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాదు. రోము నియమావళి ప్రకారం క్రిస్మస్ నాడు ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చు. అర్ధరాత్రి ఒకటి, వేకువన ఒకటి, పగలు ఒకటి. ఊళ్ళు ఎక్కువై గురువులు తక్కువైన చోట ఈ వెసులుబాటు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. అయితే అప్పట్లో దివ్యసత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు, మంచినీళ్ళు కూడా. పన్నెండు గంటల పూజకు వచ్చినవాడికి ఈ నియమం పెద్ద భారం కాదు, పదకొండున్నరకు పుల్లట్టు తిని వచ్చినా చట్టం తప్పినట్టు కాదు. నలిగిపోయింది పగటి పూజవాళ్ళే. చీకటితో లేచి, పడవెక్కి, గట్టు మీద నడిచి, ఎండెక్కాక పూజకు చేరేదాకా పాలు తాగే పిల్లలు తప్ప అందరూ ఖాళీ కడుపులే.

1953లో పన్నెండవ పియూసు పోపు నీళ్ళు తాగితే ఉపవాసం చెడదని ప్రకటించాడు. 1957లో దాన్ని మూడు గంటలకు కుదించారు, 1964లో ఆరవ పౌలు పోపు ఒక గంటకు. రోములో వెలువడిన ఒక ముక్క కాగితం వల్ల లంకగ్రామంలో ఒక ముసలమ్మ క్రిస్మస్ పొద్దున గుక్కెడు నీళ్ళు తాగి పడవెక్కగలిగింది. చర్చి చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి మార్పులకు ఒక వాక్యమే దక్కుతుంది. నడిచినవాళ్ళకు తెలుసు దాని విలువ.

పూజ లాతీనులో జరిగేది. గురువు ప్రజలకు వీపు చూపి బలిపీఠం వైపు తిరిగి, సన్నగా చదువుకుపోయేవాడు. జనం తమ జపమాల తాము చెప్పుకునేవారు, మధ్యలో తెలుగు పాటలు పాడుకునేవారు. గంట మోగితే తల వంచడం, ఇంకోసారి మోగితే మోకరించడం. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనలో దేశభాషలకు తలుపు తెరిచింది. కొన్నేళ్ళలోనే దేవుని మాట బలిపీఠం మీద తెలుగులో పలికింది. బలిపీఠం ఇటు తిరిగింది, గురువు ముఖం కనిపించింది. అక్కడితో ఆగలేదు. హారతి పళ్ళెం, అగరుబత్తి, పూలు, గుళ్ళో కింద కూర్చోవడం, ఇవన్నీ మెల్లగా గుడిలోకి వచ్చాయి. ఇంట్లో ఎప్పుడూ ఉన్నవే. గుడి ఇల్లు లాగా మారిందని కొందరు మెచ్చుకున్నారు, పాత పూజలో ఉన్న గాంభీర్యం పోయిందని కొందరు గొణిగారు. రెండో మాట అన్నవాళ్ళలో లాతీను ఒక్క ముక్క రానివాళ్ళే ఎక్కువ ఉండటం గమ్మత్తు.

తెలుగులో క్రీస్తు కథ మాత్రం అంతకు ముందే ఉంది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనం అనే పద్యకావ్యంలో యేసు చరిత్రను చెప్పి, దాసమంత్రికి అంకితమిచ్చాడు. అది దక్షిణాది జెస్విటు మిషనుల తరం నాటి కతోలిక సాహిత్యం. కోనసీమలో రాత్రి పాటల గుంపుకు అది తెలియదు. వాళ్ళ నోట ఆడేవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరి వంటి ప్రొటెస్టెంటు కవుల రచనలు కతోలిక గొంతుల్లో ఎప్పుడో కలిసిపోయాయి. పాట విషయంలో మాత్రం ఎవరి సంఘం ఎవరిదో అడిగేవాళ్ళు లేరు.

పాటల గుంపుకు ఒకప్పుడు పెట్రోమాక్స్ లైటు ఆధారం. దాన్ని మోసేవాడికి పాట రాకపోయినా పరవాలేదు, మాంటిల్ పగలకుండా నడవడం వస్తే చాలు. గుంపు ముందు నక్షత్రం. వెదురు బద్దలను అయిదు కోణాలుగా కట్టి, గ్లేజు కాగితం మైదా జిగురుతో అతికించి, లోపల దీపం పెట్టేవారు. గాలికి దీపం వాలి కాగితం అంటుకోవడం ప్రతి ఊరి జ్ఞాపకాల్లోనూ ఉంటుంది. కరెంటు వచ్చాక లోపల బల్బు, తర్వాత బజారులో మడత నక్షత్రాలు, ఇప్పుడు ఎల్‌ఈడీలు. నక్షత్రాన్ని ఎత్తే గెడ సరుగుడుది. తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తారం. క్రిస్మస్ చెట్టు అవసరమైనప్పుడు కూడా సరుగుడు కొమ్మే దొరికింది. సన్నటి ఆకులు, కిందికి వాలే రెమ్మలు. ఐరోపా పత్రికల్లో బొమ్మలు చూసినవాళ్ళకు అదే దగ్గరగా కనిపించింది.

పశువుల పాక సంగతి వివరంగా చెప్పుకోవాలి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో అసీసీ ఫ్రాన్సిసు తొలిసారి దాన్ని ఏర్పాటు చేశాడు. బొమ్మలు లేవు. నిజమైన ఎద్దు, గాడిద, ఎండుగడ్డి, తొట్టి. పేదవాడి ఇంట పుట్టినవాణ్ణి పేదలకు కళ్ళారా చూపించాలన్నది ఆయన ఆలోచన. 2023తో దానికి ఎనిమిది వందల ఏళ్ళు. ఐరోపాలో ఆ పాక తర్వాతి శతాబ్దాల్లో చలువరాయి, బంగారు పూత, పట్టుబట్టల దాకా పోయింది. కోనసీమకు వచ్చాక మళ్ళీ మొదటికి వచ్చింది. కొబ్బరాకు తడికలు, కొత్త వరిగడ్డి, అరటి బోదె, కాలువ గట్టు మట్టి. ఇక్కడ పాక అనేది బైబిలు నుంచి వచ్చిన ఊహ కాదు. పాక కట్టిన చేతులకు అందులో కాపురం చేసిన అనుభవం ఉంది. తొట్టిలో గడ్డి పరిస్తే అది ఏ దూడ నోటి దగ్గర నుంచి తెచ్చిందో పిల్లలకు తెలుసు. బెత్లెహేములో సత్రంలో చోటు దొరకని కుటుంబం గురించి గురువు వివరించనక్కరలేని ఊరు ఇది.

పాకలో అన్నీ ముందే పెడతారు. మరియ, జోజప్ప, గొర్రెలు, కాపరులు. తొట్టి మాత్రం ఖాళీ. గుళ్ళో అర్ధరాత్రి పూజలో గంటలు మోగినప్పుడే బాలయేసు స్వరూపాన్ని తెచ్చి పడుకోబెడతారు. ఇంట్లో ఆ పని చిన్న పిల్లకు అప్పగిస్తారు. ముగ్గురు రాజులు మాత్రం దూరంగా, కిటికీ గట్టు మీదో బీరువా పైనో నిలబడి ఉంటారు. రోజుకు కొంచెం ముందుకు జరుగుతారు. బొమ్మలు ఎక్కడివంటే అన్ని చోట్లవీ. సిస్టర్ల దగ్గర కొన్నవి, విజయవాడ గుణదల మాత తిరునాళ్ళలో కొన్నవి, ఒక కాలు విరిగి జిగురు పెట్టినవి. మూడు వారాల తర్వాత పక్కింట్లో సంక్రాంతి బొమ్మల కొలువు పెడతారు. గొర్రెల కాపరి అటు వెళ్ళడం, కొండపల్లి ఏనుగు ఇటు రావడం జరగనిది కాదు. పెద్దలు పట్టించుకోరు.

పిండివంటల్లో రోముకు పాత్ర లేదు. కొత్త బియ్యం, బెల్లం వచ్చే కాలం కాబట్టి అరిసెలు. కొబ్బరి ఇంట్లోదే కాబట్టి లస్కోరా ఉండలు, కొబ్బరి కజ్జికాయలు. జంతికలు, చక్కిడాలు. కొంచెం ఉన్నవాళ్ళింట ఆత్రేయపురం పూతరేకులు. కొత్తపేట పక్కనే కదా ఆ ఊరు, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దేశమంతా పేరు. కేకు చాలా ఆలస్యంగా వచ్చింది. బేకరీలు ప్రతి సెంటరులో వెలిశాకే. ఇప్పటికీ పంచే పళ్ళెంలో కేకు ముక్క పక్కన రెండు అరిసెలు లేకపోతే ఇచ్చినవాళ్ళను మెచ్చరు. మధ్యాహ్నం పలావు, కోడికూర. బేటమాంసం అయితే ఆ ఏడు పంట బాగున్నట్టు.

ఈ పండుగకు ఒక బయటి నీడ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. క్రైస్తవం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. దాంతో కోనసీమలో ఎందరో కాగితం మీద ఒకటి, గుడి దగ్గర ఒకటి. బడి రికార్డులో ఒక పేరు, జ్ఞానస్నానపు పుస్తకంలో మరియ, అంతోని, జోజప్ప. జనాభా లెక్కల్లో కనిపించే క్రైస్తవుల సంఖ్యకూ, డిసెంబరు 24 రాత్రి ఇళ్ళ మీద వెలిగే నక్షత్రాల సంఖ్యకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే. దీన్ని మోసమనే వాళ్ళున్నారు. విశ్వాసం మారినంత మాత్రాన వెలివాడ మారలేదన్న నిజాన్ని ఆ మాట దాటవేస్తుంది. గుళ్ళో కూడా కులం తలుపు బయటే చెప్పులతో పాటు ఆగిపోయిందని చెప్పలేం. తెలుగు కతోలిక సంఘాల చరిత్రలో వేరు బెంచీలు, వేరు శ్మశానాలు దాచుకుంటే దాగేవి కావు.

డిసెంబరు 25తో టీవీలో క్రిస్మస్ అయిపోతుంది. కతోలిక ఇంట్లో అప్పుడే మొదలు. 27 అపొస్తలుడైన యోహాను పండుగ. 28 హేరోదు చంపించిన పసిబిడ్డలది, నవ్వుల మధ్య ఒక ఏడుపు రోజు. ఆ వారంలో వచ్చే ఆదివారం తిరుకుటుంబ పండుగ, తల్లీ తండ్రీ బిడ్డలూ కలిసి గుడికి రావాలని గురువు ముందే చెప్తాడు. గల్ఫులో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో కలుస్తాడు. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళు, మగవాళ్ళు లేని వీధి తక్కువ. చాలా ఇళ్ళ పండుగ ఖర్చు అక్కడి జీతం నుంచే వస్తుంది. జనవరి ఒకటి దేవమాత పండుగ. తర్వాత ముగ్గురు రాజుల పండుగ. అసలు తేదీ జనవరి 6 అయినా మన దేశంలో దాన్ని 2కీ 8కీ మధ్య వచ్చే ఆదివారం చేస్తారు.

1995లో ఆ ఆదివారం జనవరి 8. ఆ సాయంత్రమే పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలైంది. మంట ఆకాశానికి లేచింది, మార్చి మధ్య వరకు, అరవై ఐదు రోజులు, ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మైళ్ళ దూరం రాత్రి పగలైంది. నక్షత్రాన్ని వెంబడించి తూర్పు దేశపు జ్ఞానులు నడిచివచ్చిన పండుగ నాడు కోనసీమ జనం వెలుగుకు దూరంగా, మూటలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. బ్లోఅవుట్ అనే ఇంగ్లీషు మాట అప్పటి నుంచి ఇక్కడ చదువురానివాళ్ళకూ వచ్చు.

ముగ్గురు రాజుల తర్వాత క్రీస్తు జ్ఞానస్నాన పండుగ. దాంతో ఋతువు ముగుస్తుంది, పాక విప్పుతారు. గడ్డి మళ్ళీ దూడ ముందుకు పోతుంది, ఎండిన తడికలు భోగిమంటలో పడతాయి. ఆ వెంటనే కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు. కౌశిక కాలువ దాటించే ప్రభను చూడటానికి ఊరంతా పోతుంది, అందులో జపమాల మెళ్ళో ఉన్నవాళ్ళూ ఉంటారు. తీర్థంలో జీళ్ళు కొనుక్కోవడానికి మతం అడ్డురాదు.

వంతెనలు చాలా మార్చాయి. యానాం–ఎదుర్లంక మధ్య లోక్‌సభ మాజీ స్పీకరు బాలయోగి పేరిట వంతెన వచ్చింది. వాసిష్ఠి మీద చించినాడ దగ్గర ఇంకొకటి. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు తిరుగుతూనే ఉన్నా మిగతా చోట్ల నది అడ్డం కాదు. పూజకు బైకు మీద పావుగంట. గురువు కూడా ఒకే రాత్రి రెండు మూడు ఊళ్ళకు కారులో తిరుగుతాడు, అందుకే అర్ధరాత్రి పూజ కొన్ని చోట్ల తొమ్మిదింటికే ముగిసిపోతుంది. అలా గుడి దగ్గరయ్యాక ఇంటి జపం పలచబడింది. సాయంత్రం చాపమీద కూర్చునే వేళకు సీరియల్ వస్తుంది. గురువు రానన్నాళ్ళూ ఉపదేశులూ తల్లులూ కాపాడుకున్నది, గురువు పక్క ఊళ్ళోనే ఉన్న కాలంలో జారిపోతోందని పెద్దలు విసుక్కుంటారు. నిజానికి ఆగమన కాలం నాలుగు వారాలూ చాలా ఇళ్ళలో జపమాల మళ్ళీ మొదలవుతుంది, వాడవాడకూ వంతు వేసుకుని, మరియమాత స్వరూపాన్ని ఇంటింటికీ మోసుకెళ్తారు. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇల్లు టీ, బిస్కెట్లు చూసుకుంటుంది.

క్రిస్మస్ పండుగకు చేసిన అప్పు తీరకముందే గుణదల వస్తుంది. విజయవాడ గుట్ట మీద 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు నెలకొల్పిన లూర్దుమాత స్వరూపం అది. ఫిబ్రవరి 11కి లక్షల జనం చేరతారు, వాళ్ళలో కతోలికులు కానివాళ్ళు లెక్కలేనంత మంది. అమలాపురం, రావులపాలెం నుంచి బస్సులు నిండిపోతాయి. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, మోకాళ్ళ మీద మెట్లెక్కేవాళ్ళు, పిల్లాడి బరువుకు సరితూగే మొక్కు తీర్చేవాళ్ళు. మాతకు కొబ్బరికాయ కొట్టే ఆచారం గుణదలలో బాగా ఉంది. కోనసీమవాళ్ళు మాత్రం కాయ అక్కడ కొనరు, సంచిలో ఇంటి దగ్గర నుంచే పెట్టుకుని పోతారు. గుట్ట కింద దుకాణంలో చెప్పే ధరకు తమ అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఎన్ని కాయలు వస్తాయో వాళ్ళకు తెలుసు.